పాత లయొనెల్ రైలుకు కరెంటు: ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా, ఇక్కడే చుట్టించుకోవాలా?

రైలు వంపు దగ్గరకు రాగానే నీరసపడుతుంది. బోగీల్లో దీపాలు ఎర్రబడతాయి. తిన్నని దారిలోకి వచ్చాక మళ్లీ ఉరుకుతుంది. పాత లయొనెల్ (అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ) సెట్ ఉన్న ఇళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. అందరూ ముందు ట్రాన్స్‌ఫార్మర్‌నే అనుమానించి కొత్తది కొంటారు. కొత్తది తగిలించినా వంపు దగ్గర నీరసం అలాగే ఉంటుంది, ఎందుకంటే తప్పు పట్టాల అతుకుల్లో ఉంది.

ఈ వ్యాసం 1945 నుంచి 1969 దాకా వచ్చిన లయొనెల్ ‘ఓ గేజ్’ అనే సైజు రైళ్ల గురించి. మూడు పట్టాల రేకు ట్రాక్ మీద ఏసీతో నడిచేవి ఇవి. అమెరికాలో ఎస్టేట్ సేల్‌లోనో గరాజ్ సేల్‌లోనో సెట్ కొన్నవాళ్లకూ, ఆ సెట్‌ను హైదరాబాద్‌కో విశాఖకో తెచ్చుకున్నవాళ్లకూ చిక్కు ఒకటే: కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి? కానీ గోడలో వచ్చే కరెంటు రెండు చోట్లా వేరు కాబట్టి జవాబు కూడా వేరుగానే ఉంటుంది.

## డబ్బు పెట్టేముందు: తప్పు ఏ సగంలో ఉంది?

ఒక మల్టీమీటర్, ఆటో స్పేర్స్ షాపులో దొరికే 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బులు నాలుగు ఉంటే చాలు. బల్బుల్ని రెండేసి సీరీస్‌లో కలిపి, ఆ రెండు జతల్నీ పారలల్‌లో కట్టండి. 18 వోల్టుల దగ్గర ఇవి సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటాయి. అంటే పొగ, దీపం, కూత ఉన్న ఒక పెద్ద ఆవిరి ఇంజిన్ లాగే కరెంటుకు ఇంచుమించు సమానం.

మొదట ట్రాన్స్‌ఫార్మర్ వైరు చూడండి. ఆ కాలపు రబ్బరు తొడుగు ఎండి, పెళుసై, వంచితే పగులుతుంది. పగిలితే టేపు చుట్టి సరిపెట్టకండి, వైరు మొత్తం మార్చాల్సిందే. ప్లగ్గు గోడలో పెట్టకుండానే మీటర్‌ను ఓమ్‌లలో ఉంచి, ప్లగ్గు కాళ్ల నుంచి తీగలు బిగించే ప్రతి అవుట్‌పుట్ పోస్టుకూ, లోపలి ఇనుప కోర్‌కూ కొలవండి. ఎక్కడా రీడింగ్ రాకూడదు. ఏ కొంచెం వచ్చినా గోడ కరెంటు పట్టాల్లోకి దారి చేసుకుందని అర్థం. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇక వాడవద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బోర్డు ద్వారా ఇవ్వండి. 60 లేదా 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో ఉండాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. పట్టాలేవీ తగిలించనప్పుడు బల్బు మసకగా వెలగాలి, లేదా అసలు వెలగకూడదు. నిండు వెలుగుతో వెలిగిందంటే లోపల వైండింగ్ షార్ట్ అయింది.

అక్కడ గట్టెక్కితే నేరుగా గోడలో పెట్టి, త్రాటిల్ (వేగం మార్చే మీట) నిండా తిప్పి, ఖాళీగా ఎంత వస్తోందో రాసుకోండి. తర్వాత నాలుగు బల్బులూ తగిలించి మళ్లీ కొలవండి. జడ్‌డబ్ల్యూ, కేడబ్ల్యూ అనే లయొనెల్ ట్రాన్స్‌ఫార్మర్ల లాంటి పెద్దవి 20 వోల్టుల నుంచి 17 కిందికి పడిపోకూడదు. పడితే త్రాటిల్‌తో కదిలే లోపలి రోలరో, పోస్టు కింద అతుకో పాడైంది.

వోల్టేజ్ నిలబడితే ట్రాన్స్‌ఫార్మర్‌లో తప్పు లేదు, ట్రాక్‌ను చూడాలి. అవే బల్బుల్ని లేఅవుట్‌లో అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట మధ్య పట్టాకూ బయటి పట్టాకూ తగిలించండి. ట్రాన్స్‌ఫార్మర్ పోస్టుల దగ్గర ఒక రీడింగ్, బల్బుల దగ్గర ఒక రీడింగ్ తీయండి. తేడా 1 వోల్టు దాటితే దారిలో ఎక్కడో పోతోంది. బల్బులు వెలుగుతుండగానే మీటర్ మొనల్ని ఒక్కో అతుకుకు అటూ ఇటూ పెట్టుకుంటూ వెళ్లండి. మంచి అతుకు దగ్గర దాదాపు సున్నా చూపిస్తుంది. 0.3 వోల్టులు చూపించిన అతుకే దోషి. పిన్ను ఊడదీసి, తుప్పు గీకి, పట్టా నోటిని పట్టకారుతో కాస్త నొక్కి బిగించండి. ఈ పనికి ఉక్కు పీచు వాడవద్దు. దాని పోగులు మాగ్నెట్రాక్షన్ (చక్రాలకు అయస్కాంత శక్తి) ఉన్న ఇంజిన్ల చక్రాలకు అతుక్కుని లోపలికి పోతాయి, షార్ట్‌లు తెస్తాయి. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు నయం.

అతుకులన్నీ బాగుచేసినా పెద్ద లేఅవుట్‌కు ఒకే చోట కరెంటు ఇస్తే చాలదు. బల్ల కింద 2.5 చదరపు మి.మీ. వైరు జత ఒకటి చుట్టూ తిప్పి, ఆరు అడుగులకో చోట 1 చదరపు మి.మీ. వైరుతో పట్టాలకు కలపండి. అమెరికాలో కొనేవాళ్లయితే 14 గేజ్, 18 గేజ్ అని అడగాలి.

ఇంకో లక్షణం చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. రైలు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, గుంయ్‌మంటూ నిలబడిపోతుంది. ఇంజిన్లో దిశ మార్చే ఇ-యూనిట్ అనే రిలే ఉంటుంది. కరెంటు క్షణం పాటు తెగి మళ్లీ వచ్చినప్పుడల్లా అది ముందుకు, తటస్థం, వెనక్కు, తటస్థం అన్న వరుసలో ఒక మెట్టు మారుతుంది. అంటే కరెంటు ఎక్కడో రెప్పపాటు తెగింది. ముందుకు వెళ్తున్నప్పుడు ఇ-యూనిట్ మీట తిప్పి ఆ వరుసను లాక్ చేసి చూడండి. ఇప్పుడు రైలు అదే చోట కుదుపుతో దాటిపోతే, తప్పు ఆ చోట పట్టాలో ఉంది. ఒక్కోసారి ఒక్కో చోట కుదిపితే ఇంజిన్ కింద మధ్య పట్టా నుంచి కరెంటు తీసుకునే పికప్ రోలర్‌నో, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి రోలర్‌నో చూడాలి.

పట్టాల మీద రైలు లేకుండానే బ్రేకర్ ట్రిప్ అవుతుంటే వైర్లు ఊడదీసి చూడండి. అప్పుడు ట్రిప్ ఆగిపోతే ట్రాక్‌లోనే షార్ట్ ఉంది. మధ్య పట్టా కింద ఉండే ఇన్సులేషన్ కాగితం చిరిగి, పట్టా కింది రేకు స్లీపర్‌కు తగలడం దీనికి మామూలు కారణం.

## ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు ఆంపియర్లు లెక్కేయండి. 736 మోడల్ లాంటి ఆవిరి ఇంజిన్‌కు 2.5 నుంచి 3. రెండు మోటార్లున్న 2343 ఎఫ్3 డీజిల్‌కు 3.5 నుంచి 4. పాసింజర్ బోగీలో ఒక్కో బల్బుకు పావు ఆంపియర్ వేసుకోండి. ఎఫ్3కి రెండేసి బల్బులున్న నాలుగు బోగీలు తగిలిస్తే ఇంజిన్ 4, బోగీలు 2, మొత్తం 6 ఆంపియర్లు. పాతికశాతం కలిపితే 7.5.

ఇక్కడే పాత ట్రాన్స్‌ఫార్మర్ల మీద రాసిన వాట్లు మోసం చేస్తాయి. జడ్‌డబ్ల్యూ మీద 275, కేడబ్ల్యూ మీద 190, చిన్నదైన 1033 మోడల్ మీద 90 అని ఉంటుంది. అది గోడ నుంచి లాగే పవర్, పట్టాలకు ఇచ్చేది కాదు. పట్టాలకు మూడింట రెండు వంతులు వస్తుందని లెక్కేసుకోవడం మంచిది. అలా చూస్తే 1033 నుంచి 60 వాట్లు, అంటే 16 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లలోపే. పై ఎఫ్3 రైలును అది లాగలేదు. సెట్‌తో వచ్చిన 1033 కింద పెద్ద డీజిల్ తగిలించి, "ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది" అనుకునేవాళ్లు చాలామంది. అది పాడవలేదు, దానికి మించిన బరువు మోస్తోంది.

రెండోది బ్రేకర్ ఎంత త్వరగా తెగుతుందన్నది. పాతవాటిలో వేడికి వంగే ద్విలోహపు పట్టీ ఉంటుంది. ఆ కాలపు ఇంజిన్లలో ఎలక్ట్రానిక్స్ లేవు కాబట్టి అది కొన్ని సెకన్లు ఆలస్యమైనా గడిచిపోయేది. రైలు పట్టాలు తప్పి షార్ట్ అయినప్పుడు ఆ కొన్ని సెకన్లలో సన్నని వైర్ల తొడుగు కరుగుతుంది. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ పట్టీ ఇంకా మొద్దుబారి ఉండొచ్చు, లేదా అర్థంలేకుండా ముందే తెగుతూ ఉండొచ్చు.

మూడోది కూత. పాత టెండర్‌లో (ఇంజిన్ వెనక ఉండే బొగ్గు బోగీలో) కూత రిలే ఏసీకి కదలదు. మీట నొక్కినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఏసీకి కొంచెం డీసీ కలుపుతుంది, దానితో రిలే పడుతుంది. మీరు ఎంచుకునే దానిలో ఆ ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. ల్యాప్‌టాప్ అడాప్టర్ లాంటి డీసీతో ఈ ఇంజిన్లు నడుస్తాయి, కానీ కూత ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే డీసీని ఈ పోలికలోకి తీసుకోలేదు.

నాలుగోది గోడ కరెంటు. పాత లయొనెల్ ట్రాన్స్‌ఫార్మర్లు 115 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టులు దించే పెట్టె కొంటే సగం సమస్యే తీరుతుంది, హెర్ట్జ్ మారదు. దీని సంగతి కింద వివరంగా ఉంది.

## ఒకటి: ఉన్న జడ్‌డబ్ల్యూ లేదా కేడబ్ల్యూను బాగుచేసుకోవడం

ఇనుప కోర్, రాగి చుట్లు డెబ్బై ఏళ్లలో పెద్దగా చెడవు. చెడేవి చుట్టూ ఉన్న చిన్న భాగాలే: వైరు, రోలర్లు, కూత రెక్టిఫయర్, బ్రేకర్. నాలుగూ ఇప్పటికీ విడిభాగాలుగా దొరుకుతాయి. టంకం వేయడం వచ్చినవాళ్లకు ఒక పూట పని.

రోలర్లు కార్బన్‌తో చేసినవి. త్రాటిల్ తిప్పితే అవి బయటికి కనిపించే రాగి చుట్ల మీద దొర్లుతాయి. ఒకవైపు అరిగి చదునైతే దొర్లడం మాని గీకుతాయి, నిప్పురవ్వలు వస్తాయి, చుట్లు నల్లబడతాయి. నల్లబడిన చుట్లను ఆకుపచ్చ పీచుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నూనె పెట్టవద్దు. రోలర్‌ను కార్బన్‌దే మార్చాలి, ఇత్తడిది వేయకూడదు. రోలర్ ఎప్పుడూ పక్కపక్కనున్న రెండు చుట్లను ఒకేసారి తాకుతూ ఉంటుంది. కార్బన్‌కు ఉన్న నిరోధం ఆ రెండు చుట్ల మధ్య తిరిగే కరెంటును అదుపులో ఉంచుతుంది. ఇత్తడి ఆ చుట్లను షార్ట్ చేస్తుంది, వైండింగ్ కాలుతుంది.

కూత మీట నొక్కితే కూత రాకపోతే లోపలి రెక్టిఫయర్ బిళ్ల పోయినట్టే. దాని స్థానంలో కనీసం 12 ఆంపియర్లు, 100 వోల్టుల స్టడ్ డయోడ్ వేస్తారు. పాత రిలేకు డీసీ ఏ దిశలో వచ్చినా ఒకటే. కానీ అదే ట్రాక్ మీద కొత్త తరం ఇంజిన్ కూడా నడిపితే దిశ తప్పకూడదు. తిరగబడితే కూత మీటకు గంట మోగుతుంది, గంట మీటకు కూత వస్తుంది.

జడ్‌డబ్ల్యూ బ్రేకర్‌లో డిజైన్‌లోనే ఒక లోపం ఉంది. బాగుచేసినా అది పోదు. నాలుగు అవుట్‌పుట్‌లకూ కలిపి ఒకే బ్రేకర్, అదీ కామన్ తీగలో (అన్ని సర్క్యూట్లకూ ఉమ్మడిగా ఉండే తీగ). ‘ఏ’ మీట 18 వోల్టుల దగ్గర, ‘డి’ మీట 10 వోల్టుల దగ్గర ఉన్నాయనుకోండి. బోగీ రెండు బ్లాకుల (కరెంటు విడివిడిగా ఇచ్చే ట్రాక్ ముక్కల) సరిహద్దు మీద నిలబడితే దాని రెండు పికప్ రోలర్లు ‘ఏ’, ‘డి’ రెండింటినీ కలిపేస్తాయి. ఆ 8 వోల్టుల తేడాకు ప్రవహించే కరెంటు కామన్ తీగలోకి రాదు కాబట్టి బ్రేకర్‌కు తెలియదు. బోగీ లోపలి సన్నని వైరు కాలుతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ రోలర్ పోతుంది.

దీనికి మందు చవక. ఏ, బి, సి, డి ప్రతి పోస్టు నుంచి వెళ్లే తీగలో విడిగా ఒక బ్రేకర్ పెట్టాలి. అయస్కాంతంతో తెగే రకం 7 నుంచి 10 ఆంపియర్లది మేలు. అది దొరకకపోతే కారులో వాడే 7.5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు, దాని హోల్డర్. పాత ఇంజిన్లే నడిపేవాళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు. సౌండ్ బోర్డులున్న కొత్త ఇంజిన్ కూడా ఉంటే, మధ్య పట్టాకూ బయటి పట్టాకూ మధ్య 1.5కేఈ36సీఏ అనే రెండు దిశల టీవీఎస్ డయోడ్ వేయాలి. షార్ట్ తెగినప్పుడు లేచే వోల్టేజ్ పోటును అది మింగుతుంది. ఫ్యూజు ఆ పోటును ఆపదు, డయోడ్ షార్ట్‌ను ఆపదు. రెండూ ఉండాలి.

జడ్‌డబ్ల్యూకా కేడబ్ల్యూకా అంటే మా ఓటు కేడబ్ల్యూకు. ఒకటి రెండు రైళ్లకు దాని పవర్ సరిపోతుంది. జడ్‌డబ్ల్యూకు పేరు ఎక్కువ కాబట్టి ధర ఎక్కువ, తిప్పి తిప్పి అరిగినవీ ఎక్కువే. నాలుగు సర్క్యూట్లు నిజంగా కావాలంటేనే దాన్ని వెతకండి.

## రెండు: కొత్త ట్రాన్స్‌ఫార్మర్

లయొనెల్ సీడబ్ల్యూ-80 చిన్న లేఅవుట్‌కు సరిపోతుంది. 18 వోల్టులు, 80 వాట్లు, 5 ఆంపియర్లలోపు. పైన లెక్కేసిన ఎఫ్3 రైలుకు చాలదు. ఒక ఆవిరి ఇంజిన్, సరుకు బోగీలు అయితే సుఖంగా లాగుతుంది. బ్రేకర్ త్వరగా తెగుతుంది, వైరు కొత్తది, కూత, గంట రెండూ ఉన్నాయి. పిల్లలు ఆడుకునే బల్ల అయితే దీనికి సాటి లేదు.

లోటు అలలో ఉంది. ఇది ఏసీ అలను ముక్కలుగా కోసి ఇస్తుంది. పాత మోటార్లకు, బల్బులకు అది హాని చేయదు. కానీ ఇ-యూనిట్ గుంయ్‌మనడం పెరుగుతుంది. మామూలు మల్టీమీటర్ ఆ అలను తప్పుగా చూపిస్తుంది, ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ కావాలి. "కొత్త ట్రాన్స్‌ఫార్మర్ 11 వోల్టులే ఇస్తోంది" అనుకునేవాళ్లలో చాలామందికి తప్పు మీటర్‌దే.

పెద్ద లేఅవుట్‌కు ఎంటీహెచ్ అనే కంపెనీ జడ్-4000 ఉంది. 390 వాట్లు, రెండు త్రాటిళ్లు, కోయని సైన్ అల. పాత, కొత్త రైళ్లు రెండూ కలిపి నడిపేవాళ్లకు ఇది నప్పుతుంది. అయితే ఇందులో ఉన్నది ఎలక్ట్రానిక్స్. పోతే ఇంట్లో బాగుచేసుకోలేరు. జడ్‌డబ్ల్యూను టంకం వచ్చినవాడెవరైనా నిలబెట్టగలడు.

ఇవన్నీ 120 వోల్టుల వస్తువులే. ఇండియాకు తెచ్చుకోవాలంటే 230 వోల్టుల మోడల్ ఉందా అని ముందే చూసుకోవాలి.

## మూడు: పవర్ బ్రిక్, చేతి రిమోట్

లయొనెల్ 180 వాట్ల పవర్‌హౌస్ బ్రిక్ 18 వోల్టులు, 10 ఆంపియర్లు స్థిరంగా ఇస్తుంది. దాని బ్రేకర్ చాలా చురుకైనది. కానీ దానికి త్రాటిల్ లేదు. పాత ఇంజిన్‌ను నేరుగా దాని మీద పెడితే నిండు వేగంతో దూసుకెళ్లి వంపులో బోల్తా పడుతుంది. వేగం మార్చడానికి మధ్యలో విడిగా కంట్రోలర్ కొనాలి. ఇంజిన్లన్నీ రిమోట్‌తో నడిచే కొత్తవి అయి, పాతది ఒక్కటే ఉన్నవాళ్లకే ఇది తగిన దారి. పాత రైళ్లకోసమే దీన్ని కొనడం దండగ.

## నాలుగు: ఇండియాలో పాత ట్రాన్స్‌ఫార్మర్, స్టెప్‌డౌన్ పెట్టె

ముందు ఒక హెచ్చరిక. 115 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను 230లో పెడితే నిమిషాల్లో కాలిపోతుంది. ప్లగ్గు అడాప్టర్ కాళ్ల ఆకారాన్ని మారుస్తుంది, వోల్టుల్ని కాదు. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికైన ప్రయాణపు కన్వర్టర్ కూడా పనికిరాదు. అందులో ఇనుప కోర్ ఉండదు, అలను కోసి ఇస్తుంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది.

బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే 110 వోల్టులు వస్తాయి. ఇప్పుడు హెర్ట్జ్ సంగతి. కోర్‌లో పుట్టే అయస్కాంత ప్రవాహం వోల్టుల్ని హెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 115ను 60తో భాగిస్తే 1.92. 110ని 50తో భాగిస్తే 2.2. అంటే దాదాపు 15 శాతం ఎక్కువ. కోర్ నిండిపోతుంది, ఖాళీగా ఉన్నా గట్టిగా గుంయ్‌మంటుంది, అరగంటలో చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర దానికి సరైన వోల్టేజ్ 115 × 50 ÷ 60, అంటే 96.

అందుకే 110 వోల్టుల పెట్టె కాకుండా, జపాన్ వస్తువుల కోసం వచ్చే 100 వోల్టుల స్టెప్‌డౌన్ అడగండి. 100ను 50తో భాగిస్తే 2.0. అమెరికా గోడల్లో ఇప్పుడు వచ్చే 120 వోల్టులను 60తో భాగించినా అంతే. దీనివల్ల త్రాటిల్ చివర 20కి బదులు 17 వోల్టుల చిల్లర వస్తాయి. ఈ రైళ్లు మామూలుగా 8 నుంచి 16 మధ్యే నడుస్తాయి కాబట్టి లోటు తెలియదు. స్టెప్‌డౌన్ సామర్థ్యం ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన వాట్లకు దాదాపు రెట్టింపు ఉండాలి. జడ్‌డబ్ల్యూకు 500 వీఏ, కేడబ్ల్యూకు కూడా అదే తీసుకోండి.

మోటార్లకు 50 హెర్ట్జ్‌తో ఏ ఇబ్బందీ లేదు. 3656 పశువుల దొడ్డి లాంటి, కంపనంతో బొమ్మల్ని కదిలించేవాటికి మాత్రం వోల్టేజ్ మళ్లీ సరిచూసుకోవాలి. వాటి కంపనం హెర్ట్జ్‌తో ముడిపడి ఉంది.

## ఐదు: ఇక్కడే చుట్టించడం, డిమ్మర్‌స్టాట్‌తో

సెట్ మాత్రమే తెచ్చుకుని, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే వదిలేసినవాళ్లకు ఇదే ఉత్తమం. అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా సరే, ఇండియాలో రోజూ నడపాలంటే మేం దీన్నే చెబుతాం.

రెండు వస్తువులు కావాలి. ఒకటి 2 ఆంపియర్ల డిమ్మర్‌స్టాట్ (తిప్పి వోల్టేజ్‌ను మెల్లగా మార్చే సాధనం), రేకు పెట్టెలో మూసి ఉన్నది. రెండోది 230 నుంచి 18 వోల్టులు, 10 ఆంపియర్లు ఇచ్చే, రెండు వైండింగ్‌లూ పూర్తిగా విడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇలాంటివి హైదరాబాద్ కోఠిలో దొరుకుతాయి. లేదా స్టెబిలైజర్లు చుట్టే ఏ షాపులోనైనా చుట్టిస్తారు. చుట్టించేటప్పుడు నాలుగు మాటలు స్పష్టంగా చెప్పండి: రాగి తీగే, అల్యూమినియం వద్దు. అవుట్‌పుట్ వైపు 13 గేజ్ తీగ ఒక పోగు, లేదా 16 గేజ్ రెండు పోగులు. రెండు వైండింగ్‌ల మధ్య మంచి ఇన్సులేషన్ కాగితం. కోర్‌కు ఎర్త్ తీగ.

గోడ నుంచి డిమ్మర్‌స్టాట్‌కు, దాని నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి 7.5 లేదా 10 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా పట్టాలకు. ఈ వరుస మారకూడదు.

డిమ్మర్‌స్టాట్ ఒక్కటే పెట్టి, 18 వోల్టులకు తగ్గించి నేరుగా పట్టాలకు ఇవ్వాలన్న ఆలోచన ప్రాణాల మీదికి తెస్తుంది. డిమ్మర్‌స్టాట్ ఆటో ట్రాన్స్‌ఫార్మర్. దాని అవుట్‌పుట్ గోడ కరెంటుతో నేరుగా కలిసే ఉంటుంది. రెండు పట్టాల మధ్య మీటర్ 18 చూపిస్తుంది, కానీ సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే ప్రతి పట్టాకూ నేలకూ మధ్య 200 వోల్టులకు పైనే ఉంటాయి. విడి వైండింగ్‌ల ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో లేకుండా పట్టాలకు తీగ కలపకండి.

డిమ్మర్‌స్టాట్ ఎందుకు, 8, 10, 12, 14, 16, 18 వోల్టుల ట్యాప్‌లు తీసి రోటరీ స్విచ్ పెడితే చవక కదా అని చుట్టేవాళ్లు అడుగుతారు. ఇ-యూనిట్ వల్ల అది కుదరదు. స్విచ్ ఒక ట్యాప్ వదిలి ఇంకోటి పట్టుకునే లోపు కరెంటు క్షణం తెగుతుంది. వేగం పెంచిన ప్రతిసారీ రైలు తటస్థంలోకి జారి ఆగిపోతుంది. వదలకముందే తర్వాతిది పట్టుకునే స్విచ్ వేస్తే ఆ రెండు ట్యాప్‌ల మధ్య చుట్లు షార్ట్ అవుతాయి. డిమ్మర్‌స్టాట్ బ్రష్ ఎక్కడా తెగదు.

ఇందులో కూత మీట ఉండదు. లయొనెల్ విడిగా అమ్మిన 167 కూత కంట్రోలర్ పట్టాలకు వెళ్లే తీగలో పెడితే ఆ లోటు తీరుతుంది. సెట్‌తో పాటు అమెరికా నుంచి తెచ్చుకోవడానికి తేలికైన వస్తువు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | బాగుచేసిన కేడబ్ల్యూ / జడ్‌డబ్ల్యూ | సీడబ్ల్యూ-80 | జడ్-4000 | స్టెప్‌డౌన్ + పాతది | డిమ్మర్‌స్టాట్ + విడి ట్రాన్స్‌ఫార్మర్ |
|---|---|---|---|---|---|
| రెండు మోటార్ల డీజిల్, వెలుగు బోగీలు | లాగుతుంది | చాలదు | లాగుతుంది | లాగుతుంది | లాగుతుంది |
| షార్ట్ రక్షణ | బయట ఫ్యూజు తప్పనిసరి | ఉంది | ఉంది | బయట ఫ్యూజు తప్పనిసరి | బయట ఫ్యూజు తప్పనిసరి |
| కూత | ఉంది | ఉంది | ఉంది | ఉంది | 167 కావాలి |
| 50 హెర్ట్జ్‌లో | నేరుగా వద్దు | మోడల్ చూడాలి | మోడల్ చూడాలి | 100 వోల్టులతో సరే | పూర్తిగా సరే |
| ఇంట్లో రిపేరు | సులువు | కాదు | కాదు | సులువు | సులువు |
| ఖర్చు | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |

అమెరికాలో ఉండి, పాత రైళ్లే నడుపుతుంటే కేడబ్ల్యూ, ప్రతి తీగకూ ఒక ఫ్యూజు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఒంటరిగా నడుపుతాడంటే, పవర్ తక్కువైనా సీడబ్ల్యూ-80. పాత కొత్త ఇంజిన్లు కలిసి ఉంటే జడ్-4000, లేదా టీవీఎస్ డయోడ్ వేసిన కేడబ్ల్యూ. ఇండియాకు వచ్చేసి, పండుగకో సెలవులకో ఏడాదికి నాలుగుసార్లు నడిపేవాళ్లకు 100 వోల్టుల స్టెప్‌డౌన్ సరిపోతుంది. వారం వారం నడిపితే డిమ్మర్‌స్టాట్. పిల్లలున్న ఇంట్లో దాన్ని గోడకు ఎత్తులో బిగించి, టెర్మినల్ మూత స్క్రూలు పడ్డాయో లేదో చూసుకోండి.

## రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కలిపేటప్పుడు

ఒకటి చాలక రెండోది చేర్చేవాళ్లకు ఒక పరీక్ష తప్పనిసరి. రెండింటి కామన్ పోస్టుల్నీ కలపండి. ఏది కామనో ముందు ఖాయం చేసుకోండి: జడ్‌డబ్ల్యూ, కేడబ్ల్యూలలో అది యు. 1033, ఎల్‌డబ్ల్యూ మోడళ్లలో మాత్రం యు త్రాటిల్‌కు వెళ్తుంది, కామన్‌గా ‘ఏ’ అక్షరం ఉన్న పోస్టును వాడాలి. పేరు చూసి యుని యుకి కలిపితే చిక్కే. రెండు త్రాటిళ్లనూ 15 వోల్టుల దగ్గర పెట్టి, ఒకదాని త్రాటిల్ పోస్టు నుంచి రెండోదాని త్రాటిల్ పోస్టుకు కొలవండి. దాదాపు సున్నా రావాలి. 30 వస్తే రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని ప్లగ్గు తీసి తిప్పి పెట్టండి. సరైన దిశ దొరికాక రెండు ప్లగ్గుల మీదా రంగు గుర్తు వేయండి. వైరు మారుస్తున్నట్టయితే ఒకే దిశలో పట్టే ప్లగ్గు వేయండి.

ఆ తర్వాత రెండింటినీ ఒకే స్విచ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించండి. విడివిడిగా ఆపవద్దు. ఒకటి నడుస్తుండగా రెండోదాని ప్లగ్గు గోడ నుంచి లాగితే, ఏ బోగీ రోలరో రెండు బ్లాకుల్నీ కలిపిన క్షణంలో పట్టాల్లోని 18 వోల్టులు ఆ రెండో ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి వెళ్తాయి. వైండింగ్ తిరగబడి పనిచేస్తుంది. మీ చేతిలో ఉన్న ఆ ప్లగ్గు రెండు కాళ్ల మధ్య గోడ వోల్టేజ్ అంతా ఉంటుంది.